విత్తుల అర్రలో పులి

షాద్‌నగర్‌లో మా మనవడు ఉంటున్న అపార్టుమెంటులో మొన్న నిప్పంటుకుంది. కంగారు పడకండి, ఉత్తుత్తి నిప్పు. నిజంగా అంటుకుంటే ఏం చేయాలో నేర్పడానికి ఎవరో పంపిన నిప్పు. ముందురోజే లిఫ్టు పక్కన కాగితం అంటించి, రేపు పొద్దున మంటలు లేస్తాయి, అందరూ సహకరించగలరు అని మర్యాదగా చెప్పి మరీ వచ్చింది. అందువల్ల గంట మోగేసరికి మా మనవడి భార్య తల దువ్వుకుని, నీళ్ళ సీసా నింపుకుని, మంచి చెప్పులు వేసుకుని సిద్ధంగా ఉంది. నిప్పు వచ్చినప్పుడు లిఫ్టు ఎక్కకూడదని చెప్పే పాఠానికి అందరూ లిఫ్టెక్కి వెళ్ళారు. నాకు మోకాళ్ళ నొప్పులు. నేను కాలిపోయినట్టు రాసుకోండి అని చెప్పి ఇంట్లోనే ఉండిపోయాను.

ఊరికే కూర్చోలేక వరండా చివరిదాకా నడిచి చూస్తే అక్కడొక ఎర్ర తలుపు ఉంది. ఆపద వస్తే దిగిపోవడానికట. దానికి నా పిడికిలంత తాళం. ఆటంతా అయి మనవడు పైకి వచ్చాక అడిగాను.

"దీని తాళంచెవి ఎవరి దగ్గరున్నది బిడ్డా?"

"వాచ్‌మన్ దగ్గర అవ్వా."

"వాచ్‌మన్ ఏడి?"

"కింద నిప్పు చూసిండు. ఇప్పుడు చాయ్ తాగబోయిండు."

నేను అక్కడే గోడకు ఆనుకుని నవ్వడం మొదలుపెట్టాను. ముసలిది జడుసుకుందేమోనని వాళ్ళు నా చేయి పట్టి చూశారు. నేను జడుసుకోలేదు. ఆ తాళం చూడగానే మా అత్త నర్సమ్మ, ఆమె విత్తుల అర్ర, అందులో దూరిన చిరుతపులి, దానికి సర్కారు చేసిన మర్యాదలు అన్నీ ఒక్కసారి కళ్ళముందుకు వచ్చాయి.

మా తల్లిగారిది కట్టంగూరు. అక్కడి పిల్లను ఆత్మకూరు దిక్కు, కృష్ణకు ఒక పూట నడక దూరంలో ఉన్న ఊరికి ఇవ్వడమంటే ఆ రోజుల్లో ఇంకో దేశానికి ఇచ్చినట్టే. దీని నోటికి జడిసి దగ్గరోళ్ళు ఎవరూ చేసుకోలేదు, నోటి సంగతి ఇంకా చేరని ఊరు చూసి ఇచ్చినం అని మా అన్న అందరికీ చెప్పేవాడు. అత్తగారింట్లో అడుగుపెట్టిన రోజే ఆ సంగతి కూడా నా వెనకే నడిచి వచ్చి చేరింది. మా అత్త పొట్టి మనిషి. బూడిద వాసన, వేపాకు వాసన, ఎండిన పేడ వాసన కలిసి ఆమె కొంగులో ఉండేవి. తెల్లవారక ముందే లేచి వాకిలి చల్లేది, పొయ్యి అలికేది, గట్క కోసం జొన్న రవ్వ ఎసట్లో పోసి తెడ్డు నా చేతికిచ్చి, అడుగంటితే నీకే పెడతా అని చెప్పి పోయేది. అడుగంటిన గట్కే నాకు ఇష్టమని ఆమెకు చాలాకాలం తెలియదు.

ఆ ఇంట్లో అన్ని అర్రలకూ అందరం పోవచ్చు, ఒక్క విత్తుల అర్రకు తప్ప. అది ఇంటి వెనుక వరుసలో, పశువుల కొట్టానికి వీపు ఆనించి ఉండేది. లోపల వెదురు బద్దలతో అల్లి, మట్టీ పేడా మెత్తిన గుమ్మి ఒకటి వెనుక గోడకు ఆనుకుని, మనిషికంటే ఎత్తుగా, గర్భిణీ స్త్రీలాగా నిలబడి ఉండేది. దాని నిండా వచ్చే పునాస పంటకు జొన్న విత్తులు, బూడిద కలిపి, వేపాకు వేసి. పైన మిద్దెకు వెలుతురు కోసం కుండ పట్టేంత గవాచి. మా అత్త తలస్నానం చేసి, తడి చీరతోనే ఆ అర్రలోకి పోయేది. వచ్చేటప్పుడు తలుపు మూసి గొళ్ళెం పెట్టి, రెండడుగులు వేసి, వెనక్కి వచ్చి మళ్ళీ లాగి చూసేది. ఇంట్లో పిల్లవాడు ఏడుస్తున్నా, పాలు పొంగుతున్నా, ముందు ఆ తలుపు. మా వాళ్ళ చెలకలకే కాదు, ఊళ్ళో సగం చెలకలకు ఆ గుమ్మిలోని విత్తులే పోయేవి. మాలవాడ నుంచి కూడా ఆడవాళ్ళు గంపలు పట్టుకుని వచ్చేవారు. మా అత్త చేతి విత్తు మొలవకుండా ఉండదని ఆ చుట్టుపక్కల పేరు.

మా మామ దీనికి పూర్తిగా వేరే రకం. ఆయనకు నిజాం సర్కారంటే దేవుడి మీద ఉన్నంత భయం, దేవుడి మీద లేనంత నమ్మకం. ఖాకీ బట్ట కనిపిస్తే భుజం మీది కండువా తనంతట తనే నడుముకు దిగేది. ఒకసారి పోలీసు ఠాణా అమీను సాబు గుర్రం ఒంటరిగా నీళ్ళు తాగుతుంటే దానికి కూడా దండం పెట్టాడని మా ఆయన ప్రమాణం చేసి చెప్పేవాడు.

ఆ ఏడు మిరుగం కార్తె వాన మంచిగా పడింది. సాయంత్రం వాన వెలిసి, చెలకలు ఎర్రగా తడిసి, ఊరంతా మట్టి వాసనతో నిండి ఉంది. మర్నాడు విత్తడానికి గొర్రు కట్టాలి. మా అత్త విత్తులు చూడడానికి అర్ర తెరిచి, చాట మరిచిపోయి వంటింట్లోకి వచ్చింది. అంతలో మా కుక్క మోతి తోక కాళ్ళ మధ్య పెట్టుకుని వాకిట్లోంచి దూసుకొచ్చి, తెరిచి ఉన్న అర్రలోకి దూరింది. దాని వెనకే పచ్చగా, మచ్చలు మచ్చలుగా ఇంకొకటి దూరింది. మరుక్షణం మోతి ఒక్కటే బయటికి వచ్చి, నా కాళ్ళ మీదుగా పోయి పొయ్యి వెనుక నక్కింది. మా అత్త చాట పట్టుకుని వెనక్కి పోయింది. ఆమె కళ్ళకు పులి కనిపించలేదు, మోతి కనిపించలేదు, తెరిచి ఉన్న తలుపు కనిపించింది.

"ఎవరే గీ తలుపు బార్లా తెరిచింది?" అంటూ దభీమని మూసి గొళ్ళెం పెట్టింది.

"అత్తా, లోపల పులి ఉన్నది," అన్నాను నేను తెడ్డు పట్టుకుని.

"ఉంటే ఉండనీ. తలుపు తెరిచి పెడతరా?" అని రెండడుగులు వేసి, అలవాటు ప్రకారం వెనక్కి వచ్చి, గొళ్ళెం లాగి చూసింది. లోపల నుంచి పులి గుర్రుమంది. అప్పుడు ఆమె చేతిలోని చాట కింద పడింది.

మా జీతగాడు బాలయ్య చెప్పిన మాట ఇప్పటికీ నాకు గుర్తే. "ఏముంది పటేలా, అందరం మిద్దెలెక్కుదం. గొళ్ళేనికి తాడు కట్టి పైనుంచి గుంజుదం. అది ఎట్లొచ్చిందో అట్లనే గుట్టకు పోతది. దానికి మాత్రం మన ఇంట్ల ఏం పని?" అన్నాడు మా మామతో. మా అత్త సరే అంది. మా ఆయన తాడు తెచ్చాడు. మా మామ మాత్రం కండువా నడుముకు చుట్టి, "సర్కారుకు ఎరుక చెయ్యకుండనా?" అన్నాడు. అంతే, ఆ తాడు తిరిగి మూలకు పోయింది. మా మామ స్వయంగా పోయి పోలీసు పటేలును పిలుచుకొచ్చాడు.

పోలీసు పటేలు తలుపు సందులో చెవి పెట్టి విని, నమ్మకం కుదిరాక, పులి సర్కారుదని ప్రకటించాడు. చంపితే తప్పు, వదిలితే ఇంకా తప్పు. తాను ఇప్పుడు పై అధికారులకు కబురు పంపుతాడు, వాళ్ళు వచ్చి చూసేసరికి పులి లేకపోతే తన మాట అబద్ధమవుతుంది, కాబట్టి తలుపుకు ముద్ర పడాలి. మా పొయ్యి మీదే లక్క కరిగించి, మా అత్త దగ్గరే దారం అడిగి తీసుకుని, గొళ్ళేనికి ముద్ర వేశాడు. పులిని కాపాడడానికా, మమ్మల్ని కాపాడడానికా పటేలా అని అడుగుదామనుకున్నాను. మా అత్త నా చేయి గిచ్చింది.

"ఇత్తులు లోపలున్నయి పటేలా," అంది ఆమె. "పొద్దుగాల గొర్రు కట్టాలె."

"జానవరున్న అర్రకెల్లి ఇత్తులు ఎవరు తెస్తరు నర్సమ్మా? ఫికర్ జెయ్యకు. రేపు అమీన్ సాబ్ వస్తడు, ఎల్లుండి అంత సాఫ్."

అమీను సాబు వచ్చాడు. గుర్రం వచ్చింది, జవాన్లు వచ్చారు, వాళ్ళకు మంచాలు, గుర్రానికి గడ్డి, అందరికీ కోళ్ళు కావలసి వచ్చాయి. మనిషి చెడ్డవాడేం కాదు. నిమ్మకాయ తొక్కంటే పడిచచ్చేవాడు, వడ్డించినప్పుడల్లా సలాం చేసి మరీ తినేవాడు. నిచ్చెన వేసుకుని మిద్దె మీదికి ఎక్కి, గవాచిలోంచి తొంగి చూసి, ఎక్కినదానికంటే త్వరగా దిగి, "హై, హై, పక్కా హై," అన్నాడు. సర్కారు జానవరు ఆకలితో చస్తే జవాబు చెప్పాల్సింది తానే గనుక ఊరి మీద రోజుకొక మేక వంతు వేశాడు. దాని మాంసం గవాచిలోంచి లోపలికి వేసేవారు. పులికి మేక, అమీనుకు కోడి, ఇంటివాళ్ళకు గట్క. వరుస చక్కగా కుదిరిందని మా ఆయనతో అంటే, మెల్లగా అను అన్నాడు.

ఇక జిల్లా నుంచి పెద్ద సాబు రావాలి. ఆయనకు పులిని కొట్టాలని ఎప్పటి నుంచో కోరికట. బందూకు సిద్ధంగానే ఉంది, ఫొటో తీసే మనిషి మాత్రం హైదరాబాదు నుంచి రావాలి. ఫొటో లేకుండా పులిని కొట్టి ఏం లాభం? అందుకని అందరం ఎదురుచూశాం. పక్క ఊళ్ళవాళ్ళు కచ్చరం బండ్లు కట్టుకుని పులిని చూడడానికి వచ్చి, తలుపును చూసి పోయేవారు. తలుపు ముందు కాపలా ఉన్న జవాన్లు మొదటిరోజు గడప పక్కనే మంచం వేసుకున్నారు. పులి గుర్రుమన్నప్పుడల్లా ఆ మంచం కాస్త వెనక్కి జరిగింది. జరిగి జరిగి చివరికి ఎదురింటి అరుగు మీద స్థిరపడింది. అక్కడి నుంచైతే తలుపు ఇంకా బాగా కనబడుతుందని వాళ్ళు చెప్పారు.

మా అత్త మాత్రం తలుపు వైపు చూడడం మానేసింది. ఆమె ఆకాశం వైపు చూసేది. వాన వెలిశాక మబ్బు విరిగి ఎండ మొదలైంది. మా మామ పొద్దున్నే చెలకకు పోయి పిడికెడు మట్టి తెచ్చేవాడు. ఆమె దాన్ని అరచేతిలో పెట్టి పిసికేది. మొదట్లో మట్టి మెత్తగా ముద్ద కట్టింది. తర్వాత ముద్ద కట్టింది గానీ బీటలు వేసింది. ఒకరోజు పొద్దున వేళ్ళు విప్పగానే ముద్ద సగం విరిగి రాలిపోయింది. అది చూసి ఎప్పుడూ ఏడవని మనిషి ముక్కు చీదింది. మన చెలకల పదును ఎవరి కోసమూ ఆగదు. అది ఆరిపోతే మళ్ళీ వాన ఎప్పుడు పడుతుందో ఏ సాబూ చెప్పలేడు. పునాస పోతే మా ఇల్లు ఎట్లాగో గట్టెక్కేది, బాలయ్య ఇంట్లో, ఆ గంపల ఆడవాళ్ళ ఇళ్ళలో పొయ్యి వెలిగేది కాదు. ఈ సంగతి అందరికీ తెలుసు. అయినా ఊరిలో ఎవరి నోట విన్నా పులి, పులి, పులి.

"నువ్వు సాబుకు చెప్పు," అంది మా అత్త మామతో.

మా మామ పోయి, అమీను ముందు నిలబడి, దగ్గి, మళ్ళీ దగ్గి, మొత్తానికి చెప్పాడు. అమీను సాబు ఎంతో దయగా విన్నాడు. "అరె భాయ్, జొన్నలకేం తొందర? ఇయ్యాల కాకపోతే రేపు ఎయ్యి. ముందు జాన్ ముఖ్యం," అన్నాడు. మా మామ తిరిగి వచ్చి, "ముందు పాణం ముఖ్యమన్నడు," అన్నాడు.

"నేను మాట్లాడేది కూడ దాని గురించే," అంది మా అత్త. అని చేతిలోని మట్టిని కొంగులో మూట కట్టుకుని లేచింది. నన్ను కొట్టంలోకి తీసుకుపోయింది. విత్తుల అర్ర వెనుక గోడను అరచేత్తో తడిమింది, పశువును తడిమినట్టు.

"గోడకు అటు దిక్కు గుమ్మి ఉన్నది. గుమ్మికి అటు దిక్కు పులి ఉన్నది. గడ్డపార ఏడున్నదే పిల్లా?"

"అత్తా, సర్కారు ముద్ర ఉన్నది గద."

"ముద్ర తలుపుకు ఏసిండ్రు. గోడకు ఎయ్యలె."

ఆ మధ్యాహ్నం అమీను సాబుకూ జవాన్లకూ ఎప్పుడూ లేనంత బాగా వండాం. రెండు కోళ్ళు, నూనె తేలే పులుసు, పైన చల్ల. తిన్నవాళ్ళు తిన్నట్టే ఒరిగారు. అప్పుడు నా పని మొదలైంది. వాకిట్లో రోలు పెట్టి, ఎండుమిరపకాయలు పోసి, రోకలి ఎత్తి దంచాలి. నా రోకలి పడ్డప్పుడే వెనుక అత్త గడ్డపార పడాలి. ఎవరికి మెలకువ వచ్చినా కోడలు కారం దంచుతున్నదనే అనుకోవాలి. నాకు దంపుడు పాటలు రావు. మా తల్లిగారింట్లో నేర్పబోయారు గానీ నేను పాటలో మాటలు మార్చి అందర్నీ నవ్విస్తానని మానుకున్నారు. అందుకని నోటికి వచ్చింది పాడాను. పులి మామకు పెళ్ళంట, మేకపోతు విందంట, పెళ్ళిపెద్ద కునుకంట. గోడ మందం మోచేతి పొడుగు ఉంటుంది. ముత్తాతలు గట్టిగా కట్టారని మొదటిసారి వాళ్ళను తిట్టుకున్నాను. కారం ఘాటుకు అరుగు మీద జవాన్లు నిద్రలోనే తుమ్మారు. లోపల పులి కూడా తుమ్మిందని బాలయ్య తర్వాత చెప్పాడు. అది మాత్రం నేను నమ్మలేదు.

అత్త గడ్డపార చప్పుడు ఉన్నట్టుండి ఆగింది. రోకలి అట్లాగే పట్టుకుని విన్నాను. వాన జల్లు ఆకుల మీద పడ్డట్టు ఒక చప్పుడు. రోలు వదిలి కొట్టంలోకి పోయి చూస్తే, గుమ్మి కడుపు తెగి విత్తులు గంపలోకి దిగుతున్నాయి. మాలవాడ ఆడవాళ్ళు, మా వాళ్ళు, గంప మీద గంప పెడుతూ, నిండినదాన్ని నెత్తికెత్తుకుని చెలకల దిక్కు పోతూ ఉన్నారు. అంటు ముట్టు అంటూ ఎవరినీ గుమ్మి దరికి రానివ్వని మా అత్త, ఆ రోజు ఎవరి చేయి ముందు అందితే వాళ్ళ చేతికి గంప ఇచ్చింది.

"సగం దాటనియ్యకుండ్రి," అని మాత్రం హెచ్చరించింది. "గుమ్మి నిండుగున్నంత సేపే అది మనకూ పులికీ నడుమ గోడ. బరువు తగ్గి అలకగైతే దొబ్బి పడేస్తది."

"ఇంకొక్క గంప పటేలమ్మా," అన్నాడు బాలయ్య.

"నీ చెయ్యి పెట్టి చూడు, పులి వద్దంటదో, సరే అంటదో."

బాలయ్య మోచేయి దాకా లోపల పెట్టాడు. అవతల గుమ్మి మీద గోళ్ళు గీసిన చప్పుడు అయింది. చేయి బయటికి వచ్చింది. ఇక గంప అడగలేదు.

సరిగ్గా అప్పుడే కొట్టం మలుపులో ఖాకీ బట్ట కనబడింది. జవాన్లలో అందరికంటే చిన్నవాడు. మా కట్టంగూరు దిక్కు వాడని తెలిసినప్పటి నుంచీ నన్ను అక్కా అని పిలిచి రెండుసార్లు తొక్కు వేయించుకునేవాడు. ఏ పనికో చాటుకు వచ్చినవాడు, నిలబడిపోయాడు. గోడలో కన్నం, నెత్తి మీద గంపలతో ఆడవాళ్ళు, గడ్డపారతో మా అత్త. ఎవరమూ కదల్లేదు. వాడు వంగి, కింద పడ్డ నాలుగు గింజలు తీసి, అరచేతిలో పెట్టుకుని ఊదాడు.

"మా దిక్కు ఇంకా వాన పడలే అక్కా," అన్నాడు నాతో. "నాయిన మొగులు దిక్కు చూసుకుంట కూసున్నడట." గింజలను తీసుకుపోయి గంపలో వేశాడు. "జర జల్ది కానియ్యుండ్రి. అమీన్ సాబ్ ఒత్తిగిలిండు," అని, వచ్చిన పని చూసుకోకుండానే వెనక్కి పోయాడు.

కన్నానికి గడ్డీ గుడ్డలూ కుక్కి, పైన పేడ మెత్తారు. ఆ సాయంత్రమూ, మర్నాడూ ఊరి చెలకల్లో ఎన్ని గొర్లు ఉన్నాయో అన్నీ నడిచాయి. మా మామ అమీను పక్కనే కూర్చుని ఉన్నాడు. ఆయనకు ఎవరూ ఏమీ చెప్పలేదు గానీ చెలకల్లో గొర్లు కనబడుతూనే ఉన్నాయి గదా. "ఏం చేస్తున్నరు వాళ్ళు?" అని అమీను అడిగాడు. "ఏం లేదు హుజూర్, దున్నుకుంటున్నరు. అలవాటు," అన్నాడు మామ చెమట తుడుచుకుంటూ.

ఆ తర్వాత పెద్ద సాబు వచ్చాడు. డేరా వేశారు, ఫొటో మనిషి మూడుకాళ్ళ డబ్బా నిలబెట్టి, నల్లబట్టలో తల దూర్చాడు. పోలీసు పటేలు తలకు కొత్త రుమాలు చుట్టుకుని ఫొటోలో పడే జాగా చూసుకున్నాడు. ముద్ర చెదరలేదని అందరికీ చూపించి విప్పారు. తలుపు తీశారు. పులి రాలేదు. అది సగం ఖాళీ అయిన గుమ్మిలోకి ఎక్కి, విత్తుల మీద ఒత్తిగిలి పడుకుని ఉంది. మేక తిని మేక తిని దానికి కూడా సర్కారు కొలువు అలవాటైనట్టుంది. డప్పులు కొట్టారు, అరిచారు. అప్పుడు లేచి, ఒళ్ళు విరుచుకుని, ఒక్క దూకు. పెద్ద సాబు భుజం పక్క నుంచి, ఫొటో డబ్బా మీదుగా, ప్రహరీ దాటి గుట్టకు. బందూకు పేలింది గానీ అప్పటికి పులి బహుశా మా ఊరి పొలిమేర దాటి ఉంటుంది. ఆ ఫొటోలో చివరికి పడ్డది దుమ్మూ, గాలిలో ఉన్న పటేలు రుమాలూ మాత్రమేనని విన్నాం. తాడు కట్టి గుంజితే ఇదే జరిగేది, రుమాలు మిగిలేది అన్నాడు బాలయ్య.

నవ్వు అక్కడితో ఆగింది. పెద్ద సాబు అర్రలోకి పోయి, గుమ్మిని చూసి, వెనుక గోడ చూశాడు. గుమ్మి అడుగున తెగిన చోటు, దానికి అవతల పేడ మెత్తిన కన్నం. "యే క్యా హై?" అన్నాడు. ఇదేమిటని. అమీను ముఖం పాలిపోయింది. ముద్ర వేసిన అర్రకు కన్నం పడిందంటే కాపలా ఏం కాసినట్టు? పటేలు మా మామ వైపు చూశాడు. అప్పుడు మా అత్త ముసుగు సవరించుకుని ముందుకు వచ్చింది.

"నేనే తవ్విన," అంది గట్టిగా. "ఇత్తులు నాయి, గోడ నాది, గడ్డపార నాది. పదును మాత్రం నాది కాదు, అది ఆగలె. ఏం జేస్తరో జెయ్యుండ్రి."

పెద్ద సాబుకు తెలుగు రాదు. ఏమంటున్నదని మా మామ వైపు తిరిగాడు. ఆ వాకిట్లో ఉర్దూ వచ్చినవాళ్ళు ఇంకా ఉన్నారు. అయినా ఆయన మా మామనే ఎందుకు చూశాడో తెలియదు, బహుశా అంత వినయంగా వంగి నిలబడ్డవాడు ఇంకొకడు కనబడలేదేమో. మా మామ కండువా నడుముకు ఉంది, చేతులు జోడించి ఉన్నాయి. జీవితంలో సర్కారు ముందు ఒక్క అబద్ధం ఆడని మనిషి. ఈయన ఉన్నదున్నట్టు చెప్పేస్తాడు, అత్తను తీసుకుపోతారు అనుకున్నాను.

"షేర్ ఖోదా, హుజూర్," అన్నాడు మామ. పులి తవ్వింది అని.

పెద్ద సాబు కన్నాన్ని మళ్ళీ చూశాడు. పారిపోవడానికి పులి మోచేతి మందం గోడ తవ్విందా? మా మామ ఇంకొంచెం వంగి, కాపలావాళ్ళు కనిపెట్టి వెంటనే పేడతో మూశారు, లేకపోతే ఊరిలో ఒక్క ప్రాణం మిగిలేది కాదు హుజూర్ అన్నాడు. అబద్ధం మొదలుపెట్టాక ఆయన కూడా ఆగలేదు, పదునులాగా.

అమీను సాబు గోడ వెనక్కి నడిచాడు. నేను చాటుగా చూస్తున్నాను. కొట్టంలో ఆడవాళ్ళ పాదాల గుర్తులు, గంప అడుగుల గుండ్రటి గుర్తులు, అక్కడక్కడా జొన్నగింజలు. ఒక గింజ తీసి నోట్లో వేసుకుని నమిలాడు. తిరిగి వచ్చి, మా అత్త వైపు ఒక చూపు చూసి, తెలుగులోనే అన్నాడు. "చాల మంచిగ తవ్వింది పులి." పెద్ద సాబుకు మాత్రం సలాం కొట్టి, నిజమే హుజూర్, గోళ్ళ గుర్తులు ఉన్నాయి అని ఉర్దూలో చెప్పాడు. పెద్ద సాబు సంతోషించాడు. పులి పోయినా, ఘోర ప్రమాదం నుంచి ఒక ఊరిని కాపాడినట్టయింది. కాపలా జవాన్లను, అమీనును, పటేలును పేరు పేరునా మెచ్చుకుని, మిగిలిన కోళ్ళు తిని పోయాడు.

మా మామకు ఆ రాత్రి జ్వరం వచ్చింది. సర్కారుకు అబద్ధం చెప్పిన జ్వరమని మాకందరికీ తెలుసు. మా అత్త ఆయనకు గట్కలో పెరుగు ఒక గంటె వేసి, రెండడుగులు వేసి, వెనక్కి వచ్చి ఇంకో గంటె వేసింది. వెనక్కి రావడం ఆ తలుపుకు తప్ప ఇంకెవరికీ దక్కని మర్యాద. మా మామ తల ఎత్తకుండా తిన్నాడు గానీ చెవులు ఎర్రబడ్డాయి. ఆ ఏడు జొన్న మనిషి ఎత్తు లేచింది.

ఆ కన్నాన్ని మా అత్త పూడ్చనియ్యలేదు. వడ్రంగం చేసే వడ్లాయనతో చెక్క బిరడా చేయించి పెట్టింది. "సర్కారు మల్ల ఒకసారి కాపాడనీకి వస్తె ఎట్ల?" అనేది. తర్వాత మా పాలివాళ్ళు అర్ర కట్టుకుంటూ వాళ్ళూ ఒకటి పెట్టించారు. ఆ తర్వాత ఎవరు కట్టినా పెట్టడమే. దానికి పులిబొక్క అని పేరు. కొన్నేళ్ళ కింద ఊరికి పోతే, సిమెంటుతో కట్టిన కొత్త గదికి వెనుక గోడలో ఒక ప్లాస్టిక్ పైపు, దానికి మూత. ఇదెందుకయ్యా అని మేస్త్రీని అడిగితే, "ఏమో అవ్వా, ఉండాలంటరు," అన్నాడు. చెప్పబోయి ఊరుకున్నాను. ఎందుకో తెలియకుండానే దారి ఉంచుకున్నారు, అది చాలు. ఇక్కడేమో ఎర్ర తలుపు ఎందుకో అందరికీ తెలుసు, బొమ్మ వేసి మరీ రాశారు, తాళం వేసి ఉంచారు.

ఉత్తుత్తి నిప్పు వచ్చిన రోజు సాయంత్రం మనవడు ఆఫీసు నుంచి వచ్చేసరికి నేను వంటింట్లో ఉన్నాను. వెనుక గోడను అరచేత్తో తడుముతున్నాను.

"ఏం చూస్తున్నవు అవ్వా?"

"గీ గోడకు అటు దిక్కు ఏమున్నది బిడ్డా?"

"మెట్లు. ఎందుకు?"

"ఏం లేదు. ఇంట్ల గడ్డపార ఉన్నదా?"